ఊదారంగు నాలుక

పొద్దున్నే ముఖం కడుక్కోగానే దోసిందా అద్దం ముందు నిలబడి నాలుక చాపి చూసుకుంటుంది. జబ్బేదో ఉందని కాదు. నిన్న తాగిన ఎర్ర వైన్ రంగు ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి.

వాళ్లది గలీసియాలోని సాల్నేస్ లోయ. అక్కడి తెల్ల వైన్‌కి స్పెయిన్ అంతటా పేరు. సీసా మీద ముద్ర పడిందంటే మాద్రిద్ హోటళ్లవాళ్లు ఎగబడి కొంటారు. దాన్ని చేసేవాళ్లు మాత్రం ఇంట్లో దాని జోలికి పోరు. పెరటి పందిరికి పాకిన నాటు ద్రాక్షతో ఎర్ర వైన్ చేసుకుని తెల్లటి పింగాణీ గిన్నెల్లో తాగుతారు. దాన్ని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. గిన్నెకీ పెదవికీ పంటికీ అంటుకుందంటే రెండు రోజులకి గాని వదలదు.

దోసిందా చేసిన తెల్ల వైన్‌కి రెండుసార్లు బహుమతి వచ్చాక, ముద్ర వేసేముందు రుచి చూసే సంఘంలో ఆమెనూ చేర్చుకున్నారు. కోట్లు తొడుక్కున్న పదకొండుమంది మగవాళ్లు, ఆమె ఒక్కతె. మొదటి రెండేళ్లూ ఆమె నోరు తెరిచి చెప్పేది. "ఇది ట్యాంకులో మరీ ఎక్కువ రోజులు ఉంచారండీ" అంటే అధ్యక్షుడు ఎలాదియో కిటికీలోంచి బయటికి చూసేవాడు. అదే మాట పక్కాయన అంటే రాసుకునేవాడు. అయినా ఆ కుర్చీ అంటే ఆమెకి ప్రాణం. నాలుక శుభ్రంగా లేనివాళ్లని అక్కడికక్కడే తీసేస్తారు. చుట్ట కాల్చి వచ్చాడని ఒకాయన్ని పంపేశారు కూడా. అందుకని ప్రతి నెలా సమావేశానికి మూడు రోజుల ముందునుంచీ ఆమె గిన్నె ముట్టేది కాదు.

మూడో ఏడు, పందిని కోసి కొత్త వైన్ రుచి చూసే సాన్ మార్టిన్ పండుగ సరిగ్గా సమావేశానికి ముందురోజు వచ్చింది. ఆడపడుచు బల్బినా ఆరోజే కొత్త పీపా తెరిచింది.

"తాగు," అంది గిన్నె అంచుదాకా నింపి.

"రేపు సమావేశం వదినా. ఎల్లుండి వచ్చి తాగుతాగా."

"ఎల్లుండికి పీపా ఉంటుంది. నీతో నాకు మాటలుంటాయో లేదో చూసుకో."

"అది కాదు, పళ్లకి అంటుకుంటుందనీ..."

"మా తమ్ముడు నిన్ను చేసుకున్నప్పుడు ఆ పళ్లు ఊదారంగులోనే ఉన్నాయిగా. వాడేమన్నా వంక పెట్టాడా? కోట్ల పక్కన కూర్చునేసరికి మా గిన్నె చేదైపోయింది."

చెస్ట్‌నట్లు కాలుస్తున్నవాళ్లంతా చేతులాపి చూస్తున్నారు. దోసిందా తాగింది. బల్బినా మళ్లీ నింపింది.

"ఇది మా తమ్ముడి వాటా. వాడు పంది దగ్గర ఉన్నాడు. నువ్వే కానీ."

మర్నాడు ఉప్పు, నిమ్మకాయ, వంటసోడా అన్నీ పెట్టి తోమింది. నాలుక ఇంకా వంకాయలాగే నిగనిగలాడుతోంది. వెళ్లకపోయినా కుర్చీ పోయేదే. నోరు కుట్టేసుకున్నట్టు బిగించుకుని వెళ్లింది.

పలకరిస్తే తల ఊపింది. పుక్కిలించిన వైన్‌ని రుమాలు అడ్డం పెట్టుకుని ఉమ్మింది. అనుకున్నది రెండు ముక్కల్లో కాగితం మీద రాసి ముందుకి తోసింది. ఏడో గ్లాసు బాగుందని అందరూ అన్నారు. ఆమెకి అందులో తడి గోనె వాసన తగిలింది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. కారణం రాసేలోపే ఎలాదియో ఆ గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నాకూ మొదట్నుంచీ అనుమానంగానే ఉంది," అన్నాడు.

"అవునండీ, చివర్లో కాస్త..." అన్నాడు పక్కాయన.

ఆ సీసాకి ముద్ర పడలేదు. మెట్లు దిగుతూ ఎలాదియో ఆమెకి వినబడేలాగే అన్నాడు: "ఆవిడ ఈమధ్య బాగా ఎదిగారు. ఇదివరకు ఊరికే మాట్లాడేవారు."

తరవాతి నెల దోసిందా నాలుక పాలలా ఉంది. మాట్లాడనందుకే తన మాట చెల్లిందంటే నమ్మకం కుదరక ఒక్క వాక్యం మాట్లాడి చూసింది. ఎలాదియో కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె నోరు మూసుకుని కాగితం తోసింది. ఆయన వెంటనే కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆరోజునుంచి ఆమె మూడు రోజుల పథ్యం మానేసింది.

ఇప్పుడు దోసిందాకి అరవై ఒకటి. ఎలాదియో దిగిపోయాక సంఘానికి ఆమే అధ్యక్షురాలు. ఏటా అధ్యక్షోపన్యాసం ఆమె రాస్తుంది, ఉపాధ్యక్షుడు చదువుతాడు.