భూమేష్‌ను బయటికి ఎందుకు తీయలేదు?

లింబాద్రి తన జన్మలో ఒక్కసారి కూడా బంతిని బుట్టలో వేసి ఎరగడు. ఆ అర్హత మీదే క్యాంపు బాస్కెట్‌బాల్ జట్టుకు మేనేజరయ్యాడు.

గల్ఫ్‌లో, అల్ రయ్యాన్‌లోని ఆ కంపెనీ క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్ళు, నేపాలీలు, మనవాళ్ళు కలిసి ఉంటారు. జట్టును ఫిలిప్పీన్స్ వాడి చేతిలో పెడితే నేపాలీలు అలిగారు. నేపాలీ చేతిలో పెడితే ఫిలిప్పీన్స్ వాళ్ళు ప్రాక్టీసు మానేశారు. ఆట తెలిసిన ఎవడికిచ్చినా తన వాళ్ళనే దింపుతున్నాడని గొడవ. విసిగిపోయిన వెల్ఫేర్ ఆఫీసరు, ఆట బొత్తిగా తెలియని మనిషి ఎవరున్నారని వెతికితే మెస్ స్టోర్‌లో ఉల్లిగడ్డలు తూచి ఇస్తూ లింబాద్రి కనిపించాడు. జగిత్యాల దగ్గరి పల్లె మనిషి. యాభై దాటాయి. నవ్వడు, కసరడు, అడిగినదానికి సగమే జవాబు చెబుతాడు. అంతకన్నా న్యాయమైన మొహం ఆ క్యాంపులో లేదని ఆఫీసరు తేల్చేశాడు. ఆట ఎలా ఆడాలో కెప్టెన్ జోయెల్ చూసుకుంటాడు. ఎవరు కోర్టులోకి దిగాలి, ఎవరు బెంచీ మీద కూర్చోవాలి అన్నది లింబాద్రి చెబుతాడు.

ఆయనకు ‘జీఎం’ అని పేరు పెట్టింది బాబీ. రాజమండ్రి కుర్రాడు, సైటులో సేఫ్టీ ఆఫీసరు. తెల్లవారకముందే లేచి ఫోన్లో అమెరికా మ్యాచ్‌లు చూసి, డ్యూటీకి నిద్రమొహంతో వచ్చి, నిద్ర చాలకపోతే ప్రమాదాలు జరుగుతాయని అందరికీ పాఠం చెప్పే బాపతు. అక్కడ ప్రతి జట్టుకీ ఒక జనరల్ మేనేజర్ ఉంటాడనీ, అభిమానులు ఆట కన్నా ఆయన స్వభావాన్నే ఎక్కువ చర్చిస్తారనీ మెస్‌లో అందరికీ వివరించాడు. ఈ రెండో సంగతి మనవాళ్ళకు బాగా నచ్చింది. ఆట అర్థం కావడం కష్టం. మనిషి గుణం గురించి మాట్లాడ్డానికి ఏం కష్టం?

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాల దగ్గర అదే పని.

“ఆయనది లాంగ్ టర్మ్ ఆలోచనండీ. ఇద్దరు సీనియర్లని వదిలేసి కుర్రాళ్ళని తీసుకున్నాడు చూశారా? ఇంకొకడికి అంత ధైర్యం ఉండదు” అన్నాడు బాబీ.

“ధైర్యం లేదు, గీర్యం లేదు. మనిషికి పొగరు. ఒక్కలను అడుగుతడా? ఒక్కలకు చెప్తడా?” అన్నాడు రాజన్న. సైటులో పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని చేస్తాడు. ఎంత ఎత్తు మీద నుంచి మాట్లాడినా కిందివాడికి వినిపించే గొంతు.

ఆ ఇద్దరు సీనియర్లు లీవు మీద ఇళ్ళకు పోయారు. కుర్రాళ్ళకు ఆ వారం నైట్ డ్యూటీ లేదు. జరిగింది అంతే. స్టోర్ షట్టర్ సగం దించి వెనకాల ఉల్లిగడ్డలు తూస్తున్న లింబాద్రికి ప్రతి మాటా వినిపించేది. తన మనసులో ఏముందో ఆయనకు సాధారణంగా అక్కడే తెలిసేది. బాబీ చెప్పింది విని, ‘అయ్యుండొచ్చు’ అనుకున్నాడు. రాజన్న చెప్పింది విని కూడా అలాగే అనుకున్నాడు.

ఆయన సొంతంగా పెట్టిన నియమం మాత్రం ఒకటుంది. మ్యాచ్ మొదలయ్యే ముందు ఆటగాళ్ళందరూ తమ ఫోన్లు ఆయన గుడ్డసంచిలో వేయాలి. ఆడి బయటికి వచ్చినవాడు తనది తీసుకోవచ్చు. ఒకసారి ఒక నేపాలీ కుర్రాడు ఆట మధ్యలో పెళ్ళాం వీడియో కాల్ చేస్తే ఎత్తి, ఆమెకు బంతిని చూపించాడు, రెఫరీని కూడా చూపించాడు. అప్పటి నుంచి ఈ సంచి. దాన్ని రాజన్న నియంతృత్వమన్నాడు, బాబీ కల్చర్ బిల్డింగ్ అన్నాడు.

జట్టులో మనవాడు ఒక్కడే, భూమేష్. ఊళ్ళో వాలీబాల్ ఆడిన పొడుగు మనిషి. అతను ఎగిరితే బంతి అతని చేతికి రాక తప్పదు. మనవాళ్ళు మ్యాచ్‌లకు వచ్చేది అతని కోసమే. లింబాద్రిది పక్క ఊరు కాబట్టి కాకా అని పిలిచేవాడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అక్క బాలవ్వ బీడీలు చుట్టి అతన్ని సాకింది. గెలిచిన ప్రతిసారీ సంచిలోంచి ఫోన్ తీసుకుని మొదట చేసేది ఆమెకే. “గెలిచినమే అక్కా” అని అతనంటే, “తిన్నవా?” అని ఆమె అడిగేది. లింబాద్రి పక్కనే ఉండి ఎన్నోసార్లు విన్నాడు.

ఫైనల్ శుక్రవారం, ముఐథర్‌లో ఒక స్కూలు కోర్టులో. ఫోన్లన్నీ సంచిలో పడ్డాయి. ఆటగాళ్ళు కోర్టులోకి దిగారు. అప్పుడు లింబాద్రి జేబులో ఫోన్ మోగింది. ఊరి నుంచి భూమేష్ బావ.

“కాకా, బాలవ్వ పోయింది. పొద్దుగాల బీడీల చాట ముంగటనే కూలవడ్డది. పిలగానికి చెప్పకు. టికెట్ చేతికి రానీ, అప్పుడు చెప్పు. దుబాయ్‌ల ఒక్కడున్నడు, ఏం జేసుకుంటడో. రేపు పొద్దుగూకేదాక ఆపుతం. తల్లిగారింటి చీర కప్పాలంటే ఆడొక్కడే గదా.”

ఊరివాళ్ళకు గల్ఫంతా దుబాయే. కబురు ఆపడం మాత్రం క్యాంపులో అందరూ పాటించే పద్ధతి. చావు కబురు మనిషికి నేరుగా చెప్పరు. ముందు పెద్దమనిషికి చెబుతారు. టికెట్ అయ్యాక ఆయన ‘పానం బాగలేదట’ అంటాడు. బండిలో కూర్చున్నాక మిగతాది చెబుతాడు. చేతిలో దారి లేని మనిషికి ఆ కబురు చెప్పి నాలుగు గోడల మధ్య వదిలేస్తే ఏమవుతుందో లింబాద్రి ఒకసారి చూశాడు. మళ్ళీ చూడదలచుకోలేదు.

కానీ శుక్రవారం ఆఫీసు బంద్. హెచ్‌ఆర్‌లో పనిచేసే సబ్రీన్ మేడమ్‌కు ఫోన్ చేసి, వచ్చీరాని హిందీలో సంగతి చెప్పాడు. ఆమె సెలవు రోజని కూడా చూడకుండా, “ఆఫీస్ జారహీ హూఁ చాచా, ఖబర్ కరూంగీ” అని, టికెట్ సంగతి చూడ్డానికి బయల్దేరింది. ఆయన బెంచీ మీద కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. సంచి వణకడం మొదలుపెట్టింది. పైనున్న ఫోన్ వెలిగింది. భూమేష్‌దే. ఊరి గ్రూపులో ఎవరో అప్పుడే బాలవ్వ ఫోటోకు పూలదండ తగిలించి, కింద చేతులు జోడించి పంపారు. ఊళ్ళో దుఃఖానికి కూడా తొందరే.

లింబాద్రి సంచి మూతి ముడేశాడు. భూమేష్ కోర్టులో ఉన్నంతసేపే ఫోన్ సంచిలో ఉంటుంది. బెంచీ మీదికి వస్తే, అలవాటు ప్రకారం అందులో చెయ్యి పెడతాడు.

ఆ రోజు భూమేష్‌కు ఏదీ కలిసిరాలేదు. వేసిన బంతల్లా ఇనుప రింగుకు తగిలి వెనక్కి వచ్చింది. సగం ఆటకే ఆయాసపడ్డాడు. విరామంలో నీళ్ళు తాగి సంచి వైపు చూస్తే, లింబాద్రి దాన్ని వెనక్కి జరిపి, “ఆట కాలే ఇంక” అన్నాడు. మళ్ళీ దిగాక భూమేష్ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, “కాకా, దమ్మొస్తుంది, తియ్యి నన్ను” అని అరిచాడు.

“ఆడు” అన్నాడు లింబాద్రి.

జోయెల్ వచ్చి బతిమాలాడు. బెంచీ మీద ఇద్దరు తాజాగా ఉన్నారు. వెనక నుంచి రాజన్న గొంతు ముఐథర్ అంతా వినిపించింది. “తియ్యవయ్యా! పిలగాన్ని సంపుతవా? కండ్లున్నయా లేవా?” బాబీ కూడా తల పట్టుకుని, “రొటేషన్! లింబాద్రి గారూ, రొటేషన్!” అంటున్నాడు. లింబాద్రి ఎవరివైపూ చూడలేదు. వణుకుతున్న సంచిని గట్టిగా అదుముకున్నాడు. అవతల వాలిపోతున్న ఆ పిల్లవాణ్ణి చూస్తుంటే ఆయనకు ఏడుపొచ్చింది. ఆ మొహం మీద అది ఎవరికీ కనబడలేదు.

మ్యాచ్ ఓడిపోయారు. అవతలి జట్టు కప్పు ఎత్తుతుండగా సబ్రీన్ మెసేజ్ వచ్చింది. ఆ రాత్రి విమానానికే సీటు దొరికింది.

లింబాద్రి భూమేష్ దగ్గరికి వెళ్ళి, “మీ అక్కకు పానం బాగలేదట. టికెట్ అయింది” అన్నాడు.

భూమేష్ కూడా ఆ క్యాంపువాడే. పోయినేడు తన రూమ్మేటు పక్కన నిలబడి ఆ మాటలే విన్నాడు. ఆయన మొహంలోకి చూసి, అప్పుడే బూటు విప్పిన కాలితో అక్కడే నేల మీద కూర్చున్నాడు.

భూమేష్ వెళ్ళిపోయాక మెస్‌లో చర్చ వారాల తరబడి సాగింది. అక్క పోయిందని అందరికీ తెలిసింది, అందరూ బాధపడ్డారు. అయితే ఆ కబురు మ్యాచ్ అయ్యాక కదా వచ్చింది? మరి మ్యాచ్‌లో ఎందుకు తీయలేదు?

“పగ. మనోడు పేరు తెచ్చుకుంటుండని కండ్లమంట” అన్నాడు రాజన్న.

“మొండితనమండీ. ఒకసారి అనుకున్నాక మారడు. అమెరికాలో అయితే ఈపాటికి పీకేసేవారు” అన్నాడు బాబీ.

షట్టర్ వెనక లింబాద్రి విన్నాడు. ఈసారి ‘అయ్యుండొచ్చు’ అనుకోలేదు. నోరు విప్పితే ఒక్క మాటతో తేలిపోతుంది. కానీ ఆ మాట చెబితే, అక్క శవం వాకిట్లో ఉంటే తమ్ముడు బంతాట ఆడాడని క్యాంపంతా చెప్పుకుంటుంది. భూమేష్ చెవిన కూడా పడుతుంది. తనకు ముందే తెలుసని తెలిస్తే ఆ పిల్లవాడు మళ్ళీ కాకా అని పిలుస్తాడా? లింబాద్రికి ఉన్న భయం అదొక్కటే. ఉల్లిగడ్డలు తూస్తూ ఊరుకున్నాడు.

లీవు ముగించుకుని భూమేష్ వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. పళ్ళెంతో కూర్చున్నాడో లేదో రాజన్న చుట్టూ మనుషుల్ని పోగేశాడు.

“చెప్పు భూమేష్. నువ్వు మొత్తుకున్నా ఆ మనిషి నిన్నెందుకు తియ్యలే?”

షట్టర్ వెనక తక్కెడ ఆగింది.

భూమేష్ అన్నం కలుపుతూ, “నేనే తియ్యద్దన్న” అన్నాడు. “ఆడుడు మొదలుగాక ముందే ఒట్టు పెట్టిచ్చుకున్న. నడిమిట్ల మొత్తుకున్నా ఇనకు అన్న.”

బాబీ నిట్టూర్చి, సొంత పేరు కోసం జట్టును ముంచే ఆటగాళ్ళ గురించి మొదలుపెట్టాడు. భూమేష్ తల వంచుకుని తిన్నాడు.

పళ్ళెం కడుక్కుని స్టోర్ దగ్గరికి వచ్చాడు. షట్టర్ కిందికి వంగి, “బావ చెప్పిండు, నీకెప్పుడు ఫోన్ చేసిండో” అన్నాడు. లింబాద్రి చేతిలో ఉల్లిగడ్డ అలాగే ఉండిపోయింది. “చీర నేనే కప్పిన కాకా. టైముకు అందుకున్న.” షట్టర్ అంచు పట్టుకుని, “చెప్పుంటే బాగుండు” అన్నాడు. లింబాద్రి తల ఊపాడు. అది ఒప్పుకోవడమో, తెలియదనడమో ఆయనకే తెలియదు.

తర్వాతి శుక్రవారం మళ్ళీ మ్యాచ్. లింబాద్రి సంచి పట్టుకుని నిలబడ్డాడు. భూమేష్ తన ఫోన్ చేతిలోనే ఉంచుకుని చాలాసేపు చూశాడు. తర్వాత సంచిలో వేశాడు.

“మోగితే పిలువు కాకా. ఏదున్నా సరే, అప్పుడే పిలువు.”

“పిలుస్త” అన్నాడు లింబాద్రి.

ఆట చివరికొచ్చింది. ఒక్క బుట్ట తేడాలో ఉంది. బంతి భూమేష్ చేతిలో ఉంది, మనవాళ్ళంతా బెంచీల మీద లేచి నిలబడ్డారు. సంచిలో ఫోన్ మోగింది. లింబాద్రి లేచి, రెండు చేతులూ ఊపి, ఆట ఆపించి భూమేష్‌ను బయటికి తీశాడు.

భూమేష్ ఆయాసపడుతూ వచ్చి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. చివరిదాకా విన్నాడు.

“ఏంలేదు కాకా. రీచార్జ్ ఆఫర్ అట.”

“మంచిది” అన్నాడు లింబాద్రి. కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ మ్యాచ్ కూడా పోయింది. రాజన్న కోర్టుకు అడ్డంపడి వచ్చాడు. “అగో, గెలిచే ఆట! గాన్ని ఎందుకు తీసినవయ్యా?”

“ఫోనొచ్చింది” అన్నాడు లింబాద్రి.

మేనేజరుగా ఆయన ఇచ్చిన వివరణ అదొక్కటే. దాని వెనక అసలు కారణం ఏమై ఉంటుందని మెస్‌లో ఇప్పటికీ వాదించుకుంటున్నారు.