తల వంచుకొని చదివే అక్షరం

1979 ఎండాకాలం. నంద్యాలలో సినిమా కరపత్రాలు, పెళ్లి కార్డులు, మండీల రసీదు పుస్తకాలు వేసే ఒక ప్రెస్సులో నేను ఫోర్‌మన్‌ను. అంతకుముందు పదకొండేళ్లు ఒక దినపత్రిక కంపోజింగ్ విభాగంలో పనిచేసి, నాయనకు ఆరోగ్యం చెడితే సొంత ఊరికి తిరిగి వచ్చాను.

ఆ రోజుల్లో అక్షరం అంటే చేత్తో పట్టుకోగలిగిన సీసపు ముక్క. వాటిని దాచే చెక్క పళ్లేన్ని కేసు అంటారు. అందులో ఒక్కో అక్షరానికి ఒక్కో గది. గుణింతాలూ ఒత్తులూ కలిపి తెలుగుకు వందలకొద్దీ గదులు కావాలి. ఏ గదిలో ఏముందో చూడకుండా ఏరుకొని వరసలో పేర్చడమే కంపోజింగ్. పత్రికలో పనిచేసినవాడికి ఇంకొకటి అబ్బుతుంది. ప్రూఫు, అంటే తప్పులు దిద్దడానికి తీసే మొదటి అచ్చు, చేతికి రాగానే చదవకముందే ఎక్కడో ఏదో తేడాగా ఉందని కంటికి తెలిసిపోతుంది.

ఒకరోజు పొద్దున చాగలమర్రి దగ్గరి పల్లె నుంచి సామ్యేలు అనే రైతు వచ్చాడు. ఆ ఊరి చర్చిలో సంఘపెద్ద. తువ్వాలలో చుట్టి తెచ్చిన పాటల పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. దానికి అట్టలు లేవు, అంచులు చెదలు తినేశాయి. కొన్ని పుటల్లో సగమే మిగిలింది.

“ఇది మళ్ల అచ్చెయ్యాలన్నా. ఇదే అక్షరంతో,” అన్నాడు.

మా దగ్గరున్న పన్నెండు పాయింట్ల అక్షరం చూపించాను. పాయింటు అంటే అక్షరం సైజుకు కొలత. స్కూలు పుస్తకాలకు అదే వాడతారు, ఎవరైనా చదువుతారు అన్నాను. సామ్యేలు సంచిలోంచి ఇంకొక పుస్తకం తీశాడు. అవే పాటలు, నాలుగేళ్ల కింద ఎక్కడో కొత్త అక్షరంతో వేసినవి.

“ఇది ఉండాది మా దగ్గర. మా రత్నమ్మవ్వ దీన్ని చదవలేదు. అదీ సంగతి.”

రత్నమ్మకు డెబ్బై దాటాయి. ఆ సంఘంలో చదువు రానివాళ్లు సగానికి పైనే. ఆరాధనలో ఆమె నిలబడి ఒక చరణం చదువుతుంది, అందరూ దాన్ని అందుకొని పాడతారు. నలభై ఏళ్లుగా ఇదే పద్ధతి. పెళ్లయి వచ్చాక ఆదివారం మధ్యాహ్నాలు చర్చి అరుగు మీద ఈ పుస్తకాన్నే ముందు పెట్టుకొని ఆమె అక్షరాలు నేర్చుకుంది. వేరే పుస్తకం చదవలేదు, చదవాల్సిన అవసరమూ రాలేదు. పాత పుస్తకం చివికిపోయి కొత్తది చేతికిచ్చినప్పుడు రెండు ఆదివారాలు తడబడింది. మూడో వారం దాన్ని మూసి పక్కన పెట్టింది. అవ్వకు కండ్లు పోయినాయని కుర్రవాళ్లు అన్నారు. నంద్యాల డాక్టరు చూసి, కళ్లద్దాలు పెట్టుకుంటే చూపు బాగానే ఉందన్నాడు. అయినా, వచ్చే కోత పండగ నుంచి పాట చెప్పే పని ఇంకొకరికి ఇవ్వాలని సంఘంలో మాట నడుస్తోంది.

“ఆ పని తీసేస్తే అవ్వ చర్చికి రాదన్నా. ఇంట్ల నుంచి బయటికి గూడ రాదు,” అన్నాడు సామ్యేలు.

నేను నమ్మలేదు. చదువు వచ్చినవాళ్లు ఏ అచ్చునైనా చదువుతారని నా అభిప్రాయం. ఆమెకు పాటలు కంఠతా వచ్చి ఉంటాయని, పుస్తకం ఊరికే చేతిలో ఉంటుందని, వయసుతో పాటు జ్ఞాపకం తగ్గుతుంటే నెపం అచ్చు మీదికి పోతోందని అనుకున్నాను. పైకి మాత్రం, చూస్తాను, రెండు పుస్తకాలూ ఉంచి వెళ్లమన్నాను.

సామ్యేలు వెళ్లాక రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. పాత అచ్చులో అక్షరాలు గుండ్రంగా, కొంచెం ఎడంగా ఉన్నాయి. గీత మందం అన్ని చోట్లా ఒకటే. తలకట్టుకూ అక్షరానికీ మధ్య వెంట్రుక పట్టేంత సందు ఉంది. కొత్త అచ్చులో తలకట్టు అక్షరానికి అతుక్కుపోయింది, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. నాకు రెండూ ఒకటే. కానీ ఒకే రకం ముఖాలతో నలభై ఏళ్లు బతికిన మనిషికి అవి ఒకటేనా అన్న అనుమానం అప్పుడు మొదటిసారి కలిగింది.

విచారిస్తే, ఆ పాత పుస్తకం నంద్యాలలోనే, ఎప్పుడో మూతపడిన క్రైస్తవ మిషన్ ప్రెస్సులో అచ్చయిందని తేలింది. దాని కేసులు నంద్యాల చర్చి సామాన్ల గదిలో మూలన పడి ఉన్నాయని విని, పెద్దలను అడిగి బయటికి తీయించాను. దుమ్ము ఊదితే అక్షరాలు చాలావరకు బాగున్నాయి. పంతొమ్మిది రకాల అక్షరాలు మాత్రం పనికి చాలవు. వాటిలో కొన్నింటి గదులు ఖాళీగా ఉన్నాయి, కొన్నింటిలో సగం ముక్కలు అరిగి చదునయ్యాయి. ‘యే’, ‘సు’, ‘భు’ అన్నిటికన్నా అధ్వాన్నంగా ఉన్నాయి. పాటల పుస్తకాలే వేసిన ప్రెస్సు కదా, ఎక్కువసార్లు పిలిచిన పేరే ఎక్కువ అరిగింది.

వాటిని పోతపోసిన మద్రాసు ఫౌండ్రీ, అంటే అక్షరాలు తయారుచేసే కార్ఖానా, లేకుండా పోయి చాలా ఏళ్లయింది. మాకు అక్షరాలు అమ్మే ఏజెంటును అడిగితే నవ్వాడు. పోతూ పోతూ, ఆళ్లగడ్డలో ఒక ఆచారి ఉన్నాడని, వయసులో ఉండగా మద్రాసులో పంచ్‌లు చెక్కేవాడని చెప్పాడు. పంచ్ అంటే ఉక్కు కడ్డీ కొన మీద తిరగేసి చెక్కిన అక్షరం. దాన్ని రాగిరేకు మీద సుత్తితో కొడితే పడే గుంటను మాట్రిక్స్ అంటారు. ఆ గుంటలో సీసం పోస్తే అక్షరం వస్తుంది. ఒక అక్షరం లక్ష కాగితాల మీద పడ్డా, దాని మొదలు ఒక మనిషి ఉలి దగ్గరే ఉంటుంది.

ఆళ్లగడ్డలో బస్సు దిగితే ఉలి చప్పుడు వెంటే వస్తుంది. రోడ్డు పక్కన శిల్పుల కొట్టాల్లో చెక్కినవీ చెక్కనివీ రాళ్లు నిలబడి ఉంటాయి. నరసింహాచారికి అప్పటికి అరవై అయిదు ఉంటాయి. నిలువెత్తు విగ్రహాన్ని దుంగల మీద పడుకోబెట్టి ముక్కు దగ్గర పని చేస్తున్నాడు. నేను చూపిన పాత పుట తీసుకొని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

“ఎవరిదిది?”

“పాత మిషన్ ప్రెస్సుదండి.”

“ప్రెస్సు సంగతి అడగలేదప్పా. చెక్కినోడెవరని అడుగుతాండా.”

నాకు తెలియదు. పదకొండేళ్లు పొద్దస్తమానం అక్షరాలు ఏరినవాణ్ని, వాటిని చెక్కినవాడు ఒకడుంటాడని ఒక్కరోజు కూడా అనుకోలేదు. అదే మాట చెప్పాను. ఆయన నవ్వలేదు. నేను అక్షరాలు పొట్లం కట్టి తెచ్చిన వార్తాపత్రిక ముక్కను మోకాలి మీద పరిచి, పెద్ద హెడ్డింగు మీద వేలు పెట్టాడు.

“ఇది నాది.”

ఆ హెడ్డింగు అక్షరాన్ని మేం పత్రికలో నాలుగో నంబరు అనేవాళ్లం. ఫౌండ్రీ జాబితాలో దానికి పేరు లేదు, నంబరే ఉంది. ఎన్నికలనూ తుపానులనూ యుద్ధాన్నీ దానితోనే పేర్చాను. ఆచారి కుర్రతనంలో మద్రాసు పోయి, అక్కడ ఒక ఫౌండ్రీలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, ఆ హెడ్డింగు అక్షరాన్నీ పంచాంగాలకు పనికొచ్చే సన్నక్షరాన్నీ ఆయనే గీసి, ఆయనే చెక్కాడు. ఫౌండ్రీ మూతపడ్డాక ఊరికి వచ్చి తండ్రి ఉలి అందుకున్నాడు. ఈ సంగతి ఆయన ఇంట్లోవాళ్లకు కూడా సరిగా తెలియదు. పత్రిక ఇంటికి వస్తే హెడ్డింగు మాత్రం చూసి పక్కన పెడతాడని ఆయన కోడలు నాతో అంది. మామకు వార్తలంటే ఇష్టం లేదని ఆమె అనుకొనేది.

రత్నమ్మ సంగతంతా చెప్పాను. ఆయన విగ్రహం వైపు చూసి, దీన్ని దసరాకు ఇయ్యాల అన్నాడు. కోత పండగ దసరా తర్వాతనే అన్నాను. అప్పుడాయన లోపలి నుంచి చిన్న ట్రంకు తెప్పించాడు. నూనెగుడ్డలో చుట్టిన సన్న ఆకురాళ్లు, ఉలులు, చేత్తో అక్షరం పోతపోసే చిన్న అచ్చుపెట్టె అన్నీ అందులో ఉన్నాయి. తుప్పు పట్టలేదు. వాటికి ఏటా నూనె పెడుతూనే ఉన్నాడన్నమాట.

నెల తర్వాత మూడు అక్షరాలు పోతపోసి తానే నంద్యాలకు తెచ్చాడు. పాతవాటితో కలిపి ఒక వరస పేర్చి ప్రూఫు తీశాను. చేతికి రాగానే ఏదో తేడా కొట్టింది. గుండ్రదనం, సందు, గీత అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఆ మూడూ వరసలో నుంచి లేచి నిలబడినట్టు ఉన్నాయి. పెద్దవాడికి ఎలా చెప్పాలా అని నసుగుతుంటే, చెప్పప్పా, నేను రాయిని కాదు గదా పగిలిపోను అన్నాడు.

“తల పెద్దదయింది ఆచారీ,” అన్నాను.

ఆయన ప్రూఫును దూరంగా పట్టుకొని చూశాడు, దగ్గరగా చూశాడు. తర్వాత మెల్లగా తనలో తానే నవ్వుకున్నాడు. పీఠం మీద నిలబెట్టే విగ్రహాన్ని జనం కింద నుంచి చూస్తారు. కొలత ప్రకారం చెక్కితే కింద నుంచి చూసేవాళ్లకు తల చిన్నదిగా కనిపిస్తుంది. అందుకని శిల్పి తలను రవ్వంత పెంచుతాడు. పాతికేళ్లుగా ఆయన చెయ్యి ఆ రవ్వంత కలుపుకుంటూనే వస్తోంది. ఇప్పుడు తలకట్టులోనూ కలిపేసింది.

“ఇన్నేండ్లూ తల ఎత్తి చూసేటోళ్లకే చేస్తి,” అన్నాడు. “అక్షరాన్ని తల వంచుకొని చూస్తారు. ఆ సంగతే మర్సిపోయినా.”

ఆ మూడింటినీ నా ముందే సీసం కరిగించే కుండలో వేశాడు. నెల రోజుల పని. మిగతాదంతా చాలా బాగుందని, చదివేవాళ్లకు అది కనిపించదని నేను అనబోయాను.

“నా అక్షరం చేసేటప్పుడు నా ఇష్టం. సచ్చినోని అక్షరం లేపేటప్పుడు వాని ఇష్టం,” అన్నాడు.

రెండోసారి పంతొమ్మిదీ తెచ్చేసరికి దసరా దాటింది. ఈసారి తలకట్టులు ఒదిగాయి కానీ ఇంకో చిక్కు వచ్చింది. పాత అక్షరాలు అరిగి కొంచెం పొట్టివయ్యాయి. కొత్తవి నిండు ఎత్తు. మిషను కింద కొత్తవాటికి ఒత్తిడి ఎక్కువ తగిలి నల్లగా పడుతున్నాయి. ఆచారి నా పక్కన కూర్చొని ఒక్కో ముక్క అడుగునూ సానరాయి మీద రెండు రుద్దులు రుద్ది, ప్రూఫు చూసి, మళ్లీ రుద్దాడు. రెండు రోజులు అదే పని. నేను తప్పు చూపితే రుద్దేవాడు, చూపకపోయినా కొన్నింటిని రుద్దేవాడు. మూడో రోజు ప్రూఫులో ఆయన చేసిన ఒక ‘సు’ను పాతదనుకొని నేను పక్కకు తీశాను. అప్పుడు రాయి కడిగి పక్కన పెట్టాడు.

పుస్తకం చివరి పుటలో ఆయన పేరు వేస్తానన్నాను. చెక్కినవాడి పేరు ఎన్నడూ తెలుసుకోనందుకు నాకు బుద్ధి వచ్చిందని కూడా అన్నాను.

“మొదట చెక్కినోని పేరు లేని పుస్తకంలో నా పేరేందప్పా,” అని ఊరుకున్నాడు.

సామ్యేలు తెచ్చిన పాత ప్రతిలో చెదలు తిన్న చోట్లను కొత్త పుస్తకం చూసి పూరించాను. అలా ఒక పాటకు పాత ప్రతిలో లేని మూడో చరణం కలిసింది. అంతకుమించి దాన్ని గురించి ఆలోచించలేదు.

కోత పండగ రోజు ఆచారిని కూడా పిలిచాడు సామ్యేలు. చర్చి నిండా వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆచారికి కుర్చీ వేస్తే వద్దని రత్నమ్మకు దగ్గరగా గోడవారగా చాపమీద కూర్చున్నాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకొని పుస్తకం తెరిచింది. మొదటి పాట తడబడకుండా సాగింది. నా పాత అనుమానం పోలేదు. పాట కంఠతా వచ్చు కదా, పుస్తకం ఏదైతేనేం అనుకున్నాను.

తర్వాత ఆ మూడో చరణం ఉన్న పాట వచ్చింది. రెండు చరణాలు అయ్యాయి. జనం ఎప్పటిలా అక్కడ ఆపారు, డప్పు వాయించేవాడు చేతులు దించాడు. ఆమె ఆపలేదు. వేలు కింది వరసకు జరిగింది. ఒక్కసారి తలెత్తి జనాన్ని చూసి, మళ్లీ తల వంచి, ఒక్కో మాట మీద వేలు ఆనిస్తూ చదివింది. ఆమెకు ఆ చరణం రాదు. అది అక్కడున్న ఎవరికీ రాదు. ఆ నాలుగు వరసల్లో కొత్త ముక్కలు కనీసం పది ఉంటాయి. ఆచారి పాట వింటున్నట్టు లేడు. ఆమె వేలునే చూస్తున్నాడు. వేలు ఎక్కడా ఆగలేదు. చదవడం అయ్యాక క్షణం ఎవరూ అందుకోలేదు. తర్వాత సామ్యేలు అందుకున్నాడు, వెనకే అందరూ.

ఆరాధన అయ్యాక సామ్యేలు మమ్మల్ని ఆమె దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ చరణం యాడ దొరికిందని అడిగింది. చెప్పాను. పెండ్లయిన కొత్తలో అది ఉండేదని, పుట చిరిగినాక అందరూ మరిచిపోయారని, తనూ మరిచిపోయానని అంది. ఆచారి ముందుకు వంగాడు.

“అవ్వా, దీంట్ల కొత్త అక్షరాలేమన్నా కనపడినాయా?”

ఆమె ఆయనను వింతగా చూసింది. “కొత్తవి యాడుండాయి నాయనా? ఇది మా పుస్తకమే గదా.”

ఆయన తల ఊపి, ఆళ్లగడ్డకు బస్సు ఎప్పుడని సామ్యేలును అడిగాడు.

రత్నమ్మ ఇంకో ఆరేళ్లు పాట చెప్పింది. ఎనభైల నడుమ మా పాత పత్రిక, సీసం లేకుండా ఫిల్ము మీద అక్షరాలు పడే ఫోటో కంపోజింగ్‌కు మారింది. నాలుగో నంబరు ఒక్క రోజులో మాయమైంది, కారణం అడిగిన పాఠకుడు ఒక్కడూ లేడు. ఆచారి అప్పటికి లేడు. మా ప్రెస్సు సీసం కూడా తర్వాత తూకానికి పోయింది.

ఆ పని తర్వాత నాకు ఒక అలవాటు మిగిలింది. ఏ అచ్చు చూసినా, చెక్కింది ఎవరని అడుగుతాను. చాలాసార్లు జవాబు దొరకదు. చదవలేకపోతున్నామని ఎవరైనా అంటే మాత్రం, ముందు అక్షరం వైపు చూస్తాను, తర్వాతే మనిషి వైపు. ఆ పాటల పుస్తకం ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. ఒకే పుటలో ఆ పేరు తెలియనివాడి ‘సు’లూ ఆచారి ‘సు’లూ కలిసే ఉన్నాయి. అప్పుడప్పుడు భూతద్దం పెట్టి వెతుకుతాను. ఏది ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.