ఎవరి మూర

నాకు కూర్చోవడం చేతకాదు. ఇది రాస్తూనే రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లొచ్చాను. అక్కడ నాకు పనేమీ లేదు. చిన్నప్పుడు బడిలో బెంచీ కింద నా కాళ్లు ఆడుతూ ఉంటే పక్కపిల్ల అక్షరాలు వంకర పోయేవి. "ఈ గుంట కాళ్లల్లో పురుగు తిరుగుతాది" అనేది మా అమ్మ. ఆ పురుగే నన్ను స్కేటర్ని చేసింది. ఒకసారి నా కొంప ముంచింది కూడా అదే.

స్కేటింగ్ అనగానే మంచు అనుకునేరు. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో మంచంటే పుల్లఐసు ఒక్కటే. మాది నాలుగు చక్రాల బూట్లతో గచ్చు మీద చేసేది. పరుగుపందెం కాదు. ఎగరడం, గిర్రున తిరగడం అందులో ఒక భాగం. నేల మీద గీసిన వలయం మీద ఒంటికాలితో, గీత తప్పకుండా తిరగడం రెండో భాగం. ఎనిమిది అంకెలాగా రెండు వలయాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మనం తిరుగుతుంటే జడ్జీలు పక్కనే నడుస్తూ, వంగి, మన చక్రం గీత మీద ఉందో లేదో చూస్తారు. చూసేవాళ్లకి ఇంత విసుగు పుట్టించే పోటీ ఇంకోటి ఉండదు. అలాంటిదాన్ని నాలాంటి నిలకడలేని పిల్ల పట్టుకుందని ఊళ్లో అందరికీ నవ్వులాటగా ఉండేది.

ఆదివారాలు పాసింజరెక్కి విజయనగరం తీసుకెళ్లేవాడు మా తాత. అక్కడ ఒక కల్యాణమండపం వెనక గచ్చు మీద మాస్టారు నేర్పేవారు. నడుమ స్తంభాలుండటంతో గిరికీలు కొట్టడానికి చోటు సరిపోయేది గానీ పెద్ద వలయాలకి సరిపోయేది కాదు. అవి ఇంటి దగ్గర గీసుకుని సాధన చెయ్యమని, ఒక తాడు తీసి చూపించారు. ఆ తాడు పొడుగే వలయం మధ్య నుంచి గీతకి ఉండాల్సిన దూరం. తాడు నాకివ్వమంటే వచ్చే ఆదివారం ఇంకోటి కోసి ఇస్తానన్నారు. వారం ఆగాలట. నేనా ఆగేది? అక్కడికక్కడే ఆ తాడు మీద మోచెయ్యి ఆనించి మూరలేశాను. సరిగ్గా ఏడొచ్చాయి. రైల్లో దారి పొడుగునా ఏడు, ఏడు అనుకుంటూనే ఉన్నాను.

మా ఇంటి వెనక ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. కోతలయ్యి ధాన్యం ఇంట్లోకి చేరిపోతే మిగతా ఏడాదంతా అది నాదే. దిగీ దిగగానే తాతని అక్కడికి లాక్కెళ్లాను. ఆయన కళ్లం నడుమ నెర్రెలో మేకు దింపాడు. నులకతాడు చేతికి తీసుకుని, కొలవబోతూ ఆగాడు.

"ఎవరి మూరే? నీదా, నాదా?"

"ఎవరిదైతే ఏటి తాతా? మూరంటే మూరే. బేగి గియ్యి."

ఆయన తన మోచేతితోనే ఏడు మూరలు కొలిచాడు. తాత పొడగరి. చెయ్యి చాపితే అటక అందేది. నాకప్పుడు పదమూడేళ్లు. బొగ్గుతో వలయాలు తిప్పి, మర్నాడు కిటికీలకి వెయ్యగా మిగిలిన తెల్లరంగు పూశాడు. ఆ రంగు ఆరకముందే ఎక్కబోతే బూట్లు లాగేసుకున్నాడు. తర్వాతి ఆదివారం మాస్టారు తాడు ఇవ్వబోతే, గీసేసుకున్నాం, ఇంక అక్కర్లేదన్నాను.

ఎనిమిది నెలలు ఆ గీత మీద తిరిగాను. బడికి ముందు, బడి తర్వాత. వానొస్తే గోనెసంచితో తుడిచి మరీ తిరిగాను. దారిన పోయేవాళ్లు ఇయ్యాల ఎన్ని సున్నాలొచ్చాయే అని ఆటపట్టించేవాళ్లు. చివరికి కళ్లు మూసుకున్నా నా కాలు గీత దిగేది కాదు. చూడటానికి ఒక ఆదివారం రమ్మని మాస్టారిని ఎన్నిసార్లు పిలిచినా ఆయనకి వీలుపడలేదు.

విశాఖలో రాష్ట్ర ఎంపిక పోటీలు. నా వయసు విభాగంలో నాకదే చివరి ఏడాది. అందులో నెగ్గితే జాతీయ పోటీలకి వెళ్లొచ్చు. వెళ్తానని బడిలో చెప్పేశాను, బంధువులకి చెప్పేశాను, పాసింజర్లో శనగలమ్మే ఆవిడకి కూడా చెప్పేశాను.

నా వంతు వచ్చింది. మొదటి తోపు గీత మీదే పడింది. పావు చుట్టు తిరిగేసరికి గీత నా కాలి కింద నుంచి లోపలికి జరిగిపోయింది. జరిగింది గీత కాదు, నేనే. కాలిని లోపలికి తిప్పితే ఒళ్లు తూలుతోంది. వదిలేస్తే కాలు తనకు తెలిసిన దారిన తాను పోతోంది. వలయం అవతలి కొసకి చేరేసరికి గీతకీ నాకూ మూరకి పైగా ఎడం. జడ్జీల్లో పెద్దావిడ వంగి చూసింది, తలెత్తి నన్ను చూసింది, రాసుకుంది. నేను తిరిగింది మాత్రం అచ్చమైన గుండ్రం. ఆ మాట ఇప్పటికీ పొగరుగానే చెబుతాను. కాకపోతే అది వాళ్ల గుండ్రం కాదు. పట్టికలో నా పేరు అట్టడుగున ఉంది.

మాస్టారు నా కళ్లం కొలత అడిగారు. తాత మూరతో ఏడని చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. బయట వేపచెట్టు కింద టిఫిన్ డబ్బా పట్టుకుని తాత నిలబడి ఉన్నాడు. పదిమందీ వింటుండగా ఆయన మీద పడ్డాను.

"నీ మూర వల్లే పోయింది నాకు. ఇంకెప్పుడూ నా వెంట రాకు."

తాత డబ్బా మూత బిగించి, "సరేలేయే, మళ్లీ గీద్దాం" అన్నాడు. అంతే.

వారం తిరక్కుండా ఇనపటేపు తెచ్చి కొత్త వలయాలు గీశాడు. టేపు కొస మేకు దగ్గర పట్టుకోమని నన్ను కూర్చోబెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇదే మేకు, ఇదే చోటు. ఎవరి మూర అని ఆయన అడగనే అడిగాడు. తప్పు నాదే. చెప్పేద్దామని నోరు తెరిచి, టేపు వదిలేసి మంచినీళ్లకని లోపలికి పోయాను. నా పొగరు అలాంటిది.

ఆ తర్వాత కథ పెద్దదేం కాదు. పాత గుండ్రం కాళ్లలోంచి పోవడానికి ఏడాది పైనే పట్టింది. పెద్దపిల్లల విభాగంలో జాతీయ పోటీలకి రెండుసార్లు వెళ్లాను. పతకం రాలేదు. మోకాలు పోయింది. ఇప్పుడు విజయనగరంలో పిల్లలకి నేర్పుతున్నాను. ఎవరి ఇంటికైనా నేనే టేపు పట్టుకుని వెళ్లి గీసొస్తాను, వాళ్ల తల్లిదండ్రులకి అది చాదస్తంలా కనిపిస్తుంది. చెప్పని ఆ మాట మాత్రం పదకొండేళ్లు నన్ను ఒకచోట కూర్చోనివ్వలేదు.

మొన్న కోతలప్పుడు ఇంటికెళ్లాను. కళ్లం నిండా ధాన్యం. తాత అందులో పాదాలు ఈడుస్తూ, గింజలు తిరగేస్తూ నడుస్తున్నాడు. నేనూ దిగి వెనకాలే నడిచాను. రెండు చాళ్లు తిరిగాక, ఆయన మొహం కనబడటం లేదు కాబట్టి, అడిగేశాను.

"తాతా, ఎవరి మూర అని ఆ రోజు నువ్వు అడిగినావు కదా."

"అడిగినాను."

"మరి అందరి ముందూ నేను నిన్ను అన్ని మాటలంటే ఎందుకు సెప్పలేదు?"

ఆయన ఆగలేదు, వెనక్కి తిరగలేదు.

"సెప్తే నీ మీద నీకే కోపమొచ్చును. మరింక ఆ బూట్లు తొడుగుదువా?"

ఆ చాలు కొసకి వెళ్లి, మళ్లీ నావైపు తిరిగి వచ్చాడు. నేను గింజల్లో పాదాలు పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

"నడవే, అడ్డు" అన్నాడు.