కదలని రైల్లో భోజనం

రైలు బయలుదేరకముందే ఎవరో ఒకరు డబ్బా మూత తీస్తారు. మొన్న నా ఎదుటి సీటులో కూర్చున్న అమ్మాయి అదే పని చేసింది. పచ్చిపులుసులోని పచ్చి ఉల్లిపాయ వాసన గుప్పుమంది. అది రాజమణక్క డబ్బా వాసన. ఆకలీ వేసింది, ఏడుపూ వచ్చింది.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో, రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో, బందరు నుంచి వచ్చి నాంపల్లిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మగవాళ్ళ మధ్య డబ్బా విప్పడానికి సిగ్గుపడి, మధ్యాహ్నాలు మంచినీళ్ళతో సరిపెట్టుకునేదాన్ని. పక్క బల్ల దగ్గర పనిచేసే రాజమణక్క ఈ ఊరి మనిషే, వయసులో నాకంటే పెద్దది. కొన్నాళ్ళు చూసి చూసి, ఒకరోజు నా డబ్బా తానే పట్టుకుని లేచింది.

“నడువు పిల్లా. టేషన్ల రైలు ఖాళీగ నిలవడ్డది. గాడ కూసొని తిందాం. మనల్నెవరు చూస్తరు?”

భోజనాల వేళ దాటాక వెళ్ళే ప్యాసింజరు చాలా ముందుగానే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండేది. ప్లాట్‌ఫారం టికెట్లు కొనుక్కుని అందులో కూర్చుని తిని, అది కదిలేలోగా దిగి వచ్చేసేవాళ్ళం. తర్వాత మా ఆఫీసులోనే చేరిన వనజ కూడా మాతో కలిసింది. ఏళ్ళ తరబడి, మమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళని రైల్లో కడుపునిండా తిన్నాం.

మొదటి జీతం అందిన రోజు ఆబిడ్స్‌లో ఒక పెద్ద చీరల దుకాణం అద్దాల ముందు ఆగిపోయాను. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. అక్క నా జబ్బ పట్టుకుని లాక్కుపోయింది. “చూస్తే కిరాయి అడుగుతరా ఏంది? నీకేం గావాల్నో నోరిప్పి చెప్పు” అంది. ఆ రోజు కొన్నదేమీ లేదు కాని, ఆ తర్వాత ఏ గుమ్మం ముందూ నేను బెదిరి నిలబడలేదు.

పంతొమ్మిది వందల డెబ్బైలలో అక్కకు జబ్బు చేసింది. దవాఖానా వాళ్ళు ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. ఆ సంగతి ఆమెకు తెలియనివ్వొద్దని ఆమె తమ్ముడు మా చేత ఒట్టు వేయించుకున్నాడు. చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ “తగ్గిపోతుందక్కా” అని చిలకల్లా పలికి వచ్చేవాళ్ళం. ఒకనాడు ఆమే అడిగింది, మళ్ళీ ఆ రైల్లో కూర్చుని తినాలని. తమ్ముడు సణుక్కుంటూ ఒప్పుకున్నాడు. రిక్షాలో తీసుకెళ్ళి కిటికీ పక్కన కూర్చోబెట్టాం.

గార్డు ఈల వేశాడు. మేం లేవబోతుంటే అక్క కొంగుముడి విప్పి లింగంపల్లికి మూడు టికెట్లు చూపించింది. పొద్దున్నే ఎవరిచేతో తెప్పించుకుందట.

“ఇయ్యాల దిగుడు లేదు. కూసోన్రి.”

రైలు కదిలింది. దారిలో ఏదైనా జరిగితే తమ్ముడికి ఏం చెప్పాలా అనుకుంటూనే మళ్ళీ కూర్చున్నాం. వనజ అలవాటు కొద్దీ, “తగ్గిపోతుంది లెండి, ఈసారి ఇంకా దూరం వెళ్దాం” అంది.

“గా మాట ఇని ఇని ఇసుగొచ్చింది. ఇంకేం లేదా చెప్పెటందుకు?” అంటూ అక్క నా వైపు చూసింది.

ఖైరతాబాద్ దాటేసరికి ఒట్టు పక్కన పెట్టేశాను. “మీరు లేకపోతే వచ్చిన నెలకే మా ఊరు పారిపోయేదాన్నక్కా. ఇక్కడ నాకు బతకడం నేర్పింది మీరే. మీరు వెళ్ళిపోతే ఎలా ఉండాలో నాకు తెలియడం లేదు” అన్నాను. వనజ నన్ను గిల్లింది. గిల్లి, నాకంటే ముందు తానే భోరుమంది.

అక్క మాత్రం ఏడవలేదు. “ఔ, గిది చెప్పు. గిది ఇందామనే గదా మిమ్ముల రైలెక్కించిన” అంది. లింగంపల్లి వచ్చేలోగా నా డబ్బాలోది కూడా అడిగి తినేసింది. తిరుగు బండిలో ఇంటికి చేర్చి, తమ్ముడి చేత తిట్లు తిన్నాం. వారం తిరక్కుండానే అక్క పోయింది.

జబ్బుతో ఉన్నవాళ్ళను చూడ్డానికి వెళ్తే ఇప్పుడు నేను తగ్గిపోతుందని అనను. వాళ్ళు నాకు చేసిన మేలేదో వాళ్ళకే చెబుతాను, వాళ్ళు లేకపోతే నాకు కష్టమని కూడా అంటాను. ఇంట్లోవాళ్ళు గుర్రుగా చూస్తారు. మంచం మీది మనిషి మాత్రం, ఇంకాసేపు కూర్చోమని నా చెయ్యి పట్టుకుంటారు.