బొమ్మలో మబ్బు లేదు

అరవైల మొదట్లో మా పల్లెలో చదవడం వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. అల్లూరులో మేనత్త ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివి వచ్చాను. పదిహేడేళ్ళ వయసు. ఎనిమిది చదివినదానికి ఎంత పొగరుండాలో అంతకు రెండింతలుండేది. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని మా అమ్మ నన్ను చూసే అనేది.

మైపాడుకు ఉత్తరాన, ఇసుక దిబ్బల నడుమ ఉండేది మా పల్లె. మా అన్న చేపల గంపలతో మైపాడుకు వెళ్ళినప్పుడల్లా నెల్లూరు బస్సులో వచ్చే ఒక వారపత్రిక తెచ్చేవాడు. దాని చివరి పేజీల్లో బొమ్మల సీరియల్ ఉండేది. ఒక ఓడ నడిపేవాడి కథ. వరసగా బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద రెండు వాక్యాలు. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, ఆడవాళ్ళు చేపలు ఎండకేస్తూ ఉంటే నేను మధ్యలో కూర్చుని చదివేదాన్ని. చదవడం అయ్యాక పత్రిక చేతులు మారేది. అసలు పంచాయతీ అప్పుడు మొదలయ్యేది.

అక్షరం రాని వాళ్ళే గానీ వాళ్ళ కళ్ళను మోసం చేయడం ఆ బొమ్మలేసినాయన వల్ల కాలేదు. "పోయిన వారం ఓడవాడి గాటు కుడి దవడ మీద ఉండె, ఈ వారం ఎడమ దవడ మీదికి ఎట్టొచ్చినాది?" అని ఒకామె. "తెరచాప ఇట్టా ఉబ్బింది, జెండా అట్టా ఎగరతా ఉండాది. రెండు గాలులు ఒక్కసారే వీస్తాయంటనా?" అని ఒక ముసలాయన. మూడో వారంలో చచ్చిపోయిన తల్లి ఏడో వారంలో కొడుక్కి అన్నం పెట్టింది. ఆ రోజు నవ్విన నవ్వుకు ఎండబెట్టిన చేపల మీది కాకులన్నీ లేచిపోయాయి.

కథ పక్షాన ఎప్పుడూ వాదించేది మా వదిన. మా అన్న భార్య. కాపురానికి వచ్చి రెండేళ్ళయింది. కథలో చిల్లు కనబడితే చాలు, తన దగ్గర ఎప్పుడూ ఒక మాట సిద్ధంగా ఉండేది. అన్నం పెట్టింది కన్నతల్లి కాదు, పెంచిన తల్లి అంటుంది. ఆ పెంపుడు తల్లికి ఒక ఊరు, ఒక తాగుబోతు మొగుడు, పుట్టి పోయిన ఒక బిడ్డ, అన్నీ తనే కల్పించి చెబుతుంది. పత్రికలో కథ కంటే వదిన అల్లిన కథే బాగుండేది. నాకది నచ్చేది కాదు. చదివేది నేనైతే, అందరూ తన వైపు తిరిగి వింటున్నారని కుళ్ళు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, కుళ్ళే.

కార్తీకంలో వచ్చిన ఒక సంచికలో ఓడ పగిలిపోయింది. ఓడవాడు ఒక పలకను పట్టుకుని తొమ్మిది రోజులు సముద్రం మీద తేలి, పదో రోజు ఒక దీవికి చేరి, లేచి నడిచాడు. నేను పత్రిక మూసి, "ఇది అబద్ధం" అన్నాను.

"ఎందుకు అబద్ధం?" అంది వదిన.

"తొమ్మిది రోజులు నీళ్ళు లేకండా మనిషి బతకతాడా? ఉప్పు నీళ్ళు తాగితే మతి చెడతాది. తాగకపోతే నాలుగో రోజుకు నాలిక వాస్తాది. ఐదో రోజుకు పోతాడు."

"వాన పడుంటాది."

"బొమ్మలో మబ్బే లేదు గదా. చూపియ్యి, యాడుండాది మబ్బు?"

అందరూ మెడలు చాచి చూశారు. నిజంగానే మబ్బు లేదు. ఎండ గీతలే ఉన్నాయి. వదిన మొదటిసారి ఓడిపోయింది. మా అన్న మా ఇద్దరి మధ్యా కూర్చుని వల అల్లుతూ, "మన పాప ముందర నువ్వు ఆగలేవులేమే" అని వదినను చూసి నవ్వాడు. ఆ తర్వాత ఐదు రోజుల మాట పల్లెలో ఒక సామెత లాగా అయింది. ఎవరైనా ఒడ్డుకు ఆలస్యంగా వస్తే, "ఇంకా ఐదు రోజులు కాలేదులే" అని వేళాకోళం చేసేవాళ్ళు. నేను మురిసిపోయేదాన్ని.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున అన్న ఒక్కడే చిన్న తెప్ప వేసుకుని, ముందు రోజు వేసిన వల ఎత్తడానికి వెళ్ళాడు. పొద్దెక్కేసరికి ఈశాన్యం గాలి తిరగబడింది. మిగతా తెప్పలన్నీ ఒడ్డు చేరాయి. అన్నది చేరలేదు.

మా పల్లెల్లో ఒక కట్టు ఉంది, దురాయి అంటారు. సముద్రంలో మనిషి తప్పిపోతే పల్లెను నడిపే పెద్దకాపు దురాయి వేస్తాడు. అది ఎత్తేదాకా ఎవరూ వేటకు పోకూడదు. ఉన్న తెప్పలన్నీ వెతకడానికే పోవాలి. ఆ ఐదారు రోజులూ పల్లెలో పొయ్యిలు సరిగా వెలగలేదు. గంజి కూడా పలచబడింది. పిల్లలు ఏడుస్తుంటే తల్లులు మా ఇంటి వైపు చూసి, గబుక్కున చూపు తిప్పుకునేవాళ్ళు. వదిన మాత్రం ఒడ్డునే కూర్చుంది. ముద్ద నోట పెట్టలేదు. దక్షిణానికి పోయి చూడండి, నీటి లాగుడు అటే ఉంది అని వచ్చిన ప్రతి తెప్పకూ చెప్పేది. వాళ్ళు పోయారు, చూడగలిగినంత దూరం చూశారు.

ఆరో రోజు సాయంకాలం పెద్దకాపు అందరినీ ఇసుక మీద కూర్చోబెట్టాడు. దురాయి ఎత్తాలా, ఉంచాలా అని. చివరకు ఎవరో మెల్లగా, "ఐదు రోజులు దాటినాది గదా" అన్నారు.

పెద్దకాపు నా వైపు తిరిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. తన నోటితో ఆ మాట అనలేక, ఇంకో నోరు వెతుక్కుంటున్నాడు.

"అమ్మణ్ణీ, నువ్వు చదివినదానివి. ఆ ఐదు రోజుల మాట పుస్తకంలో ఉండాదా, నువ్వు ఊరికే అన్నావా?"

వదిన నా నోటి వైపే చూస్తోంది.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. నాలిక వాయడం ఒక ముసలాయన దగ్గర విన్నాను. ఐదు అనే అంకె మాత్రం వదిన మీద గెలవడానికి నేనే పుట్టించాను. ఊరికే అన్నాను మామా అంటే సరిపోయేది. ఇంకో నాలుగు రోజులు వెతికేవాళ్ళు. కానీ పిల్లల ఏడుపు వినలేకపోయాను, వదిన అలా ఎండిపోవడం చూడలేకపోయాను, అన్న పోయాడని నా మనసులో నేను అప్పటికే ఏడ్చేశాను. ఇవన్నీ నిజమే. వీటి కింద ఇంకొకటి ఉంది. అంతమంది ముందు నా మాట ఉత్త మాటని ఒప్పుకోలేకపోయాను.

"ఉండాది" అన్నాను.

దురాయి ఎత్తేశారు. మరునాడు తెప్పలు వేటకు పోయాయి. మంచి వేట పడిందని పల్లె అంతా చేపలు పంచుకున్నారు. మాకూ ఒక గంప తెచ్చి పెట్టారు. ఎనిమిదో రోజు పొద్దున ముసలి ముండమోపులు ఇద్దరు వచ్చి వదినను సముద్రానికి తీసుకుపోయారు. మా అమ్మ కూడా వెళ్ళింది. వదిన గొడవ చేయలేదు. "పుస్తకంలో ఉంటే ఇంకేం చేసేది" అని మాత్రం అంది. నీళ్ళు మోకాలి దాకా వచ్చిన చోట గాజులు పగలగొట్టి, తాళి తీశారు. నేను ఇంట్లోనే ఉండిపోయాను.

పన్నెండో రోజున ఒకాయన ఒడ్డు వెంబడి పల్లె పల్లెలో విచారించుకుంటూ నడిచి వచ్చాడు. పులికాట్ పక్క పల్లెవాడు. మా అన్న మొలతాటికి ఉన్న తాయెత్తు తెచ్చాడు. వాళ్ళ పల్లె ముందర తెప్ప దొరికిందట. మనిషి తాడుతో తెప్పకు కట్టేసుకుని ఉన్నాడట. వాళ్ళే పూడ్చిపెట్టారట.

"ఎన్ని దినాలైంది అయ్యా పోయి?" అని మా అమ్మ అడిగింది.

ఆయన చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. "మొన్న తెల్లారి దొరికినాడమ్మా. ఒళ్ళింకా వెచ్చంగానే ఉండె. మా పక్క మూడు నాళ్ళు వాన. ఆ నీళ్ళతోనే నిలిచినట్టుండాడు. ఒక్క పూట ముందుగా చూసినా..." అని ఆపేశాడు.

మా పల్లెలో చినుకు పడలేదు. మేము మా ఆకాశాన్నే చూశాం.

అమ్మ నేల మీద పడి ఏడుస్తోంది. వదిన ఏడవలేదు. వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంది. ఎనిమిది, తొమ్మిది, పది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అమ్మణ్ణీ, ఆ మాట యాడుండాదో చూపియ్యి" అంది.

మళ్ళీ తనే, "నాకు చదవను రాదులే. ఊరికే చూస్తా" అంది.

పెట్టెలోంచి ఎనిమిదో తరగతి పుస్తకం తీశాను. చేతికి వచ్చిన పేజీ తెరిచి ఒక వరస మీద వేలు పెట్టాను. అది నల్లరేగడి నేలల్లో పత్తి ఎలా పండుతుందో చెప్పే పాఠం. నోరు తెరిచి నిజం చెప్పడానికి అప్పుడు కూడా వ్యవధి ఉంది. వదిన వంగి ఆ వరసను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. బొమ్మల్లో అన్ని తప్పులు చూసిన కన్నే. అక్షరాల్లో దానికి ఏమీ కనబడలేదు.

"అయితే నీ తప్పేం లేదులే" అంది. పుస్తకం తనే మూసి నా చేతికిచ్చింది. "నాదే. మొగుడు బతికుండంగానే తాళి తీయించుకున్నా. అందుకే పోయినాడు."

ఆ తర్వాత వదిన ముప్ఫై ఏళ్ళకు పైగా మా ఇంట్లోనే బతికింది. శుభకార్యం ఎక్కడ జరిగినా ఎవరూ రావద్దనకముందే పక్కకు తప్పుకునేది. మొగుణ్ణి చంపుకున్నదాన్ని అని తన నోటితోనే చెప్పుకునేది. నా బిడ్డలను తనే పెంచింది. చివరి జబ్బులో నేనే గంజి తాగించాను. అప్పుడైనా చెబుదామని రోజూ అనుకుని, రోజూ గిన్నె కడిగి లేచి వచ్చాను. ఆమె ఆ మాట నమ్మే పోయింది.