ముందు తను తాగి

గౌలిపురలో పాలు పోసే బాలనర్సింహను పాలెట్లున్నయని అడిగితే చెంబెత్తి ముందు తను తాగి, మీసం తుడుచుకుని, తర్వాతే పోస్తాడు.

కూతురిని చూడ్డానికి దుబాయి బయల్దేరేటప్పుడు ఆయన ఫికరంతా నరాల నొప్పి మాత్రల గురించే. మింగితే నిద్ర ముంచుకొస్తుంది. "గసొంటి గోలీలు దొరికితే ఆడ లోపలేస్తరు భాయ్" అని ఎవరో అన్నారు. డాక్టరు చీటీ జేబులో ఉన్నా మాటిమాటికీ తడిమి చూసుకున్నాడు.

అక్కడ దిగాక పోలీసు సంచి తెరిచి, మాత్రల అట్ట పైకెత్తి, ఏమిటన్నట్టు చూశాడు. బాలనర్సింహ అందులోంచి ఒకటి తీసి మింగి, మీసం తుడుచుకున్నాడు. పోలీసు నవ్వాపుకుంటూ చీటీ అడిగి చూసి, పొమ్మన్నాడు.

బయట కూతురు స్వీటీ కారెక్కించి మేడలు చూపించబోయింది.

"పొద్దుగాల ఒకటి, గిప్పుడు పోలీసాయన ముంగట ఒకటి మింగిన బిడ్డా. ఊరు రేపు చూపియ్" అని ఆయన హాయిగా కళ్లు మూసుకున్నాడు.