తాడు దాటిన హద్నే

ఉత్తర ధ్రువం దగ్గరి మంచునేలల్లో రెయిన్‌డీర్ జింకలు మేపుతూ తిరిగే మా నేనెట్స్ ఆడవాళ్ళు రోజంతా నడిచే నడకలో సగం చుట్టు తిరగడమే. నేల మీద మగవాడి విసురుతాడు పడి ఉంటే దాటకూడదు, చుట్టు తిరిగి పోవాలి. బండి తోలే కర్ర పడి ఉన్నా అంతే. గుడారంలో పొయ్యి వెనక దేవుళ్ళ చోటు ఉంటుంది, అటు అడుగు పెట్టకూడదు. ఆడది దాటిన వస్తువు మైలపడుతుంది. ఆ తాడు విసిరి రెయిన్‌డీర్‌ని పడితే మందకే అరిష్టమంటారు. నిప్పుల మీద జింక కొవ్వు వేసి ఆ పొగ పట్టిస్తేగానీ మైల పోదు. ఆ పొగ వేయాల్సింది మళ్ళీ ఆడదే. ఈ చివరి సంగతి గురించి మా మగవాళ్ళు ఎప్పుడూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. మా మేనత్త హద్నే ఆలోచించింది.

హద్నే అంటే మా మాటలో మంచుతుఫాను పిల్ల అని అర్థం. ఆమె పుట్టిన రోజున గాలికి గుడారం స్తంభాలు విరిగాయట. ఆ పేరు పెట్టి చేజేతులా నెత్తికి తెచ్చుకున్నానని మా తాత పోయేదాకా అంటూనే ఉన్నాడు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆమెకు పిల్లల్లేరు. మనిషి పొట్టి, నోరు మాత్రం పొడుగు. అయితే ఆచారం దగ్గర ఆమెను మించినవాళ్ళు లేరు. నేను ఏదో ఆలోచిస్తూ తాడు వైపు నడిస్తే దూరం నుంచే కేక వేసేది.

"కళ్ళు నెత్తికెక్కాయటే? చుట్టు తిరిగి రా!"

ఆమె భర్త ముసేనా మామయ్య నోట్లోంచి మాట రావడమే గగనం. వాళ్ళిద్దరికీ కలిపి ఎంత మాట ఉండాలో అంతా అత్తే మాట్లాడేది. ఒక వేసవిలో మేము ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉండగా, దోమలకు తాళలేక జింకలు నీళ్ళలోకి దిగిపోయే రోజుల్లో, ఆయన దగ్గి దగ్గి పోయాడు. ఆయన మంచుబండిని బోర్లించి సమాధి పక్కన పెట్టాము. అత్త ఏడ్చింది. మర్నాడు గుడారం విప్పి, కట్టి, బండ్ల వరస తనే నడిపించింది. మంద వెంట తిరిగే పనిలో నేను తోడున్నాను.

అక్కడి నుంచి దక్షిణానికి నెలల నడక. బాతులు మా తల మీదుగా వెళ్ళిపోయాయి. నేల ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. నక్కలు కూడా తెల్లకోటు తొడిగాయి. మామయ్య తమ్ముడు ఎదేకో మా బిడారుకు పెద్ద. దారి పొడుగునా వదినను పల్లెత్తు మాట అనలేదు. ఓబ్ నది ఒడ్డుకు చేరి, మంచు గట్టిపడేదాకా ఆగినప్పుడు మాత్రం మా గుడారానికి వచ్చి టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. శీతాకాలం మేత అంతా నదికి అవతలి ఒడ్డున, అడవిలో ఉంటుంది. ఇవతలి ఒడ్డున ఊరూ, ఊరి చివర కబేళా ఉన్నాయి.

"వదినా, రేపు నీ మందని ఇక్కడే ఇచ్చేద్దాం. కొనేవాడు వచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో నీకో గది కూడా చూశాను. పుల్ల ఏరక్కర్లేదు, గోడలోంచే వెచ్చదనం వస్తుంది."

"వస్తే వచ్చింది. ఆ గదిలో నేనేం చెయ్యాలి?"

"ఏముంది, హాయిగా కూర్చోడమే."

"అంత హాయైతే నువ్వే పోయి కూర్చోవయ్యా."

"నాకేం ఖర్మ? నాకు మంద ఉంది."

"నాకూ ఉందిగా."

ఎదేకో కప్పు కింద పెట్టాడు. "ఆడదానివి, ఒక్కదానివి. అవతల అడవి నిండా తోడేళ్ళు."

"మగాళ్ళ మందలైతే తోడేళ్ళు ముట్టుకోవా? వాటికీ మైల పట్టింపులున్నాయా ఏంటి?"

నేను నవ్వాను. ఎదేకో నవ్వలేదు. "మగవాళ్ళమంతా కూర్చుని అనుకున్నాం. ఇంక దాని గురించి మాట్లాడకు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మందలో సగానికి పైగా ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న జింకల సంతానం. వాటి చెవులకు మా తాత పెట్టే గాటే ఉంది. ఆ మంద పోతే ఏం మిగులుతుందో మాకందరికీ తెలుసు. జింకలు లేని మనిషిని మా వాళ్ళు ఆదరంగానే పలకరిస్తారు, టీ పోస్తారు. కానీ ఎక్కడికి ప్రయాణం అని మాత్రం అడగరు, పోయేందుకు చోటుండదు కనుక. ఊళ్ళో అలాంటివాళ్ళను చూశాను. కిటికీ దగ్గర కూర్చుని ఎవరి బండ్లు నది దాటుతున్నాయో చూస్తుంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త మాత్రం గడ్డకట్టిన చేపను పలచగా చెక్కుకుని తింటూ కూర్చుంది.

తెల్లవారింది. మంచుబండ్లను నెలవంక ఆకారంలో నిలబెట్టి, మిగిలిన వైపు పొడుగాటి తాడు పట్టి అత్త మందను లోపలికి తోలారు. మాలో ఆ తాడు పట్టుకుని కంచెలా నిలబడే పని ఆడవాళ్ళది, లోపల విసురుతాళ్ళతో జింకలను పట్టే పని మగవాళ్ళది. నేనూ, ఎదేకో పెళ్ళాం నెకోచా, మరి కొందరం తాడు పట్టుకున్నాము. పని మొదలయ్యే ముందు మగవాళ్ళు విసురుతాళ్ళు చుట్టలు చుట్టి మంచు మీద పడేసి టీ తాగుతున్నారు. ఎక్కడ పడేసినా భయం లేదు, ఆడవాళ్ళు ఎలాగూ చుట్టు తిరిగే పోతారు.

అత్త గుడారంలోంచి బయటికి వచ్చింది. చుట్టు తిరగలేదు. బొచ్చుకోటు అంచు చేత్తో కాస్త ఎత్తి పట్టుకుని మొదటి తాడు దాటింది. తర్వాత రెండోది. ఒకటి కాస్త పక్కగా పడి ఉంటే పని గట్టుకుని అక్కడిదాకా వెళ్ళి మరీ దాటి వచ్చింది. ఒక్క తాడూ మిగల్లేదు.

ఎదేకో చేతిలో టీ ఒలికిపోయింది. "వదినా! మతి పోయిందా నీకు? తాళ్ళన్నీ మైల చేశావు కదే!"

"చేశాను. ఇప్పుడు పట్టు నా జింకల్ని."

"మైల మనిషి చేతిలో మంద బతుకుతుందనుకుంటున్నావా?"

"నీ చేతికిస్తే సాయంత్రానికి తోళ్ళుగా ఆరేస్తావు. నా మైల అంతకన్నా చెడ్డదా? మిమ్మల్నందర్నీ మీ అమ్మలు కన్నప్పుడు ఏ పొగ వేసుకుని బయటికొచ్చార్రా మీరు?"

మగవాళ్ళలో ఒకడు తన టోపీ సర్దుకున్నాడు. కొనడానికి వచ్చినవాడు దూరంగా తన బండి మీద కూర్చుని, ఇదేమి గొడవో అర్థం కాక తెల్లమొహం వేశాడు.

"చేతుల్తో పట్టండ్రా!" అని అరిచాడు ఎదేకో. ఇద్దరు దూకారు. ఒకడు కొమ్ములు పట్టుకున్నాడో లేదో, జింక అతన్ని మంచులో బోర్లా ఈడ్చుకుపోయి వదిలేసింది. రెండోవాడికి పిడికెడు బొచ్చు దక్కింది. ఎదేకో పెళ్ళాం వైపు తిరిగాడు.

"చూస్తూ నిలబడ్డావేం? పొయ్యి మీద కొవ్వు వెయ్యి. తాళ్ళకి పొగ పట్టించు."

నెకోచా భర్త ముందు గొంతెత్తగా నేనెన్నడూ వినలేదు. అప్పుడూ ఎత్తలేదు. నేల చూస్తూ మెల్లగా అంది. "పొయ్యి ఆరిపోయిందండీ."

ఆమె వెనక, ఆమె గుడారం మీద నుంచి పొగ నిటారుగా ఆకాశంలోకి లేస్తోంది. ఎదేకో ఆ పొగను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.

"మాది కూడా ఆరిపోయింది" అంది పక్కనున్న ఆవిడ.

"మాదీ అంతే. పుల్లలు పచ్చివి" అంది ఇంకొకావిడ. ఆమె గుడారం మీదా పొగ లేస్తోంది. నాకు నవ్వు ఆగక తాడు చేతుల్లో ఊగిపోయింది.

అత్త మా వైపు నడిచి వచ్చింది. కోటులోంచి రొట్టెముక్క తీసి, "సెరాకో! దా, దా!" అని పిలిచింది. సెరాకో ఒక తెల్లజింక, పిల్లప్పుడే దాని తల్లి చచ్చిపోయింది. దాన్ని ఆమె గుడారంలో పక్కనే పడుకోబెట్టుకుని, చేపల పులుసు తాగించి పెంచింది. ఆ పిలుపు వింటే అది దేన్నైనా తోసుకుని వస్తుంది. మందలోంచి మెడ చాచుకుని వచ్చింది. దాని వెనక ఒకటి, ఆ వెనక మరొకటి కదిలాయి. మేము పట్టుకున్న తాడు దాకా వచ్చి ఆగాయి.

"ఏమే నెకోచా, చేతులు నొప్పెట్టడం లేదూ?" అంది అత్త.

"నొప్పెడుతున్నాయక్కా" అంది నెకోచా. తాడు వదిలేసింది.

మేమందరం వదిలేశాము. తాడు మంచులో పడింది. అత్త దాన్ని కూడా దాటింది. ఆమె వెనక సెరాకో, దాని వెనక మందంతా గిట్టలు టకటకలాడించుకుంటూ గడ్డకట్టిన నది మీదికి దిగింది. నేను పరుగున వెళ్ళి మా గుడారం విప్పడం మొదలుపెట్టాను. ఎవరూ అడ్డం రాలేదు, పైగా ఆడవాళ్ళు వచ్చి కట్టలు కట్టారు. బండ్లు తోలుకుని నది మధ్యలో అత్తను కలుసుకున్నాను. కర్రతో మంచు పొడిచి చూసుకుంటూ ముందు నడుస్తోంది. పొడిచిన చోటే మళ్ళీ పొడుస్తోంది.

"భయమేసిందా అత్తా?"

"ఎందుకెయ్యదే? పుట్టి ఇంతదాన్నయ్యాను, ఒక్క తాడు దాటి ఎరగను" అంది.

ఆ చలికాలం తేలిగ్గా గడవలేదు. తోడేళ్ళు వచ్చాయి, కొన్ని జింకల్ని తిన్నాయి. ఎదేకో మందలోవీ తిన్నాయి. వసంతంలో మా ఆడజింకలు నిండు కడుపులతో నది దాటి ఉత్తరానికి నడిచాయి, వాటి ముందు అత్త నడిచింది. ఎదేకో బండ్లు కనబడేంత దూరంలో వెనకే వచ్చాయి. కొన్ని మజిలీల తర్వాత అతను వచ్చి, ఎటు వెళ్తున్నామని అడిగి, మా పొయ్యి దగ్గర టీ తాగి పోయాడు.

అత్త ఇప్పుడు ముసలిదైంది. ఇప్పటికీ మంద ఆమెదే, ఇప్పటికీ తాడు కనబడితే చుట్టు తిరిగే పోతుంది. నా కూతురు పరధ్యానంగా నడిస్తే దానికీ అదే కేక వేస్తుంది. కానీ మగవాళ్ళందరూ కూర్చుని ఏదైనా తీర్మానించే వేళ, ఆమె మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి నిలబడిందంటే చాలు, అందరూ మాటలు ఆపేసి, నేల మీది విసురుతాళ్ళు గబగబా చుట్టి ఒళ్ళో పెట్టుకుంటారు. అందరికన్నా ముందు ఎదేకో.